పద్దు పుస్తకంలోకి వచ్చిన కారు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈవేళ కరెంటు కారు గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "కార్ల సంగతి మనకెందుకమ్మా, అదంతా మగవాళ్ళ వ్యవహారం" అని రేడియో కట్టెయ్యబోయేవారు ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. ఇన్నాళ్ళూ ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. పెట్రోలు ఖర్చు ఎప్పుడూ మన చేతిమీదుగా జరగలేదు. వారు పనికి వెళ్తూ దారిలో బంకు దగ్గర ఆగి పోయించుకునేవారు. ఎంత పోయించారో, అది ఎన్నాళ్ళు వచ్చిందో వారికే తెలియాలి. పాల పద్దు, ఇస్త్రీ పద్దు, కిరాణా పద్దు, కరెంటు బిల్లు, ఇవన్నీ మన నోటుపుస్తకంలో వుండేవి. పెట్రోలు మాత్రం వారి జేబులో వుండేది.

కరెంటు కారు గుమ్మంలోకి వచ్చిందంటే ఈ ఏర్పాటు మారిపోతుంది. వీధి చివర వుండే బంకు వచ్చి మన ఇంటి గోడకి అతుక్కుంటుంది. కారు తాగేదంతా మన మీటరులో తిరుగుతుంది, మన బిల్లులో పడుతుంది. పద్దు మనదైనప్పుడు లెక్క కూడా మనకి తెలిసివుండాలి కదా! ఆ లెక్క తెలిస్తే, అసలు కొనాలా వద్దా అన్నచోట కూడా మన మాటకి విలువ వుంటుంది. నేను ఈవేళ చెప్పదలచుకున్నది అదే.

ముందు కాస్త పాత కథ చెప్పుకుందాం. కార్ల చరిత్రలో మొట్టమొదటి దూరప్రయాణం చేసింది ఎవరనుకున్నారు? ఒక ఇల్లాలు. జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన పెట్రోలుతో నడిచే బండి తయారుచేశాడు. దాన్ని నమ్మి కొనేవాళ్ళు కరువయ్యారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకి మాటమాత్రమైనా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో వున్న పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. ఇంధనం అయిపోతే ఎక్కడ కొన్నదో తెలుసా? వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో! ఆ రోజుల్లో పెట్రోలు బంకులెక్కడివి? "కరెంటు కారు కొంటే దారిలో ఛార్జింగు ఎక్కడ దొరుకుతుందండీ" అని ఇప్పుడు మనం అడుగుతున్నాం. పెట్రోలు కారు కూడా ఒకనాడు ఆ ప్రశ్న దాటి వచ్చినదే.

ఇక కరెంటు కారు నిన్న మొన్నటి వింత అనుకుంటాం గానీ, దాని వయసు పెట్రోలు కారుకి ఏమీ తీసిపోదు. గంటకి నూరు కిలోమీటర్ల వేగాన్ని దాటిన మొదటి కారు, 1899లో, కరెంటుతో నడిచినదే. అప్పట్లో పెట్రోలు కారు స్టార్టు చెయ్యాలంటే ముందు పక్కన ఇనప హ్యాండిలు దూర్చి బలంకొద్దీ తిప్పాలి. అది ఎదురుతన్నితే చెయ్యి విరిగేది. అందుకని అమెరికాలో కంపెనీలు కరెంటు కారుని "ఆడవారి కారు" అని ప్రకటనలు వేసి అమ్ముకునేవి. అందులో కొంత వెక్కిరింపు కూడా వుందనుకోండి. పెట్రోలు కార్లని లక్షలకొద్దీ తయారుచేసిన హెన్రీ ఫోర్డ్ గారి ఇంట్లో, ఆయన భార్య క్లారా ఫోర్డ్ నడిపింది మాత్రం కరెంటు కారే! 1914లో తయారైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ ఆవిడది.

మరి ఆ కార్లు ఏమైపోయాయి? 1912లో కాడిలాక్ కారుకి మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది. హ్యాండిలు బాధ తప్పింది. పెట్రోలు చవకైంది. ఫోర్డ్ గారి కారు ధర ఏటేటా దిగింది. పల్లెలకి కరెంటు లేదు. సీసం బ్యాటరీ బరువెక్కువ, బలం తక్కువ. అలా కరెంటు కారు మూలపడింది. మళ్ళీ దానికి ప్రాణం పోసింది లిథియం బ్యాటరీ. మన సెల్‌ఫోనులో వుండే జాతిదే. 1991లో అది మొదటిసారి బజారులోకి వచ్చింది. దాన్ని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో చూస్తే 2001లోనే బెంగుళూరులో రేవా అనే చిన్న కరెంటు కారు వచ్చింది. అది లండన్ వీధుల్లో కూడా తిరిగింది. ఇళ్ళలోకి కాస్త విరివిగా రావడం మాత్రం 2020 తర్వాతనే.

ఇక మా ఇంటి లెక్క విప్పుతాను. మాది రాజమండ్రి. ద్వారపూడిలో మాకు బట్టల దుకాణం వుంది. మా వారు రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు తిరుగుతారు. ఆదివారాలు, పెళ్ళిళ్ళు, పేరంటాలు కలుపుకుంటే నెలకి 1,200 కిలోమీటర్లు. మాది చిన్న కరెంటు కారు. బ్యాటరీలో 24 యూనిట్ల కరెంటు పడుతుంది. కంపెనీ కాగితం మీద ఎంత రాసినా, ఏ.సి. వేసుకుని, నలుగురం కూర్చుని వెళ్తే నిండా ఛార్జి చేసిన కారు 160 నుంచి 190 కిలోమీటర్లు వస్తుంది. ఎవరింట్లోనైనా సరే, కాగితం మీది అంకెలో మూడో వంతు దాకా తీసేసుకుని లెక్క మొదలుపెట్టడం క్షేమం.

ఛార్జి చేసేటప్పుడు కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది. పాలు కాచేటప్పుడు కొంచెం ఆవిరి పోవడం లాంటిదే. ఆ పోయేది కూడా కలుపుకుంటే, మీటరులో తిరిగే ఒక్కొక్క యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు వస్తాయి. అంటే 1,200 కిలోమీటర్లకి 185 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయల వంతున 1,665 రూపాయలు. అదే పెట్రోలు కారయితే, లీటరుకి 16 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 75 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన 8,250 రూపాయలు. నెలకి మిగిలేది ఆరున్నర వేల పైమాట. ఇంజను ఆయిలు మార్చే పని లేదు, ప్లగ్గులు మార్చే పని లేదు. బ్రేకులు కూడా తొందరగా అరగవు, ఎందుకంటే కాలు తీసినప్పుడు మోటారే బండిని నిదానం చేసి ఆ శక్తిని కొంత బ్యాటరీలోకి తిప్పి పంపుతుంది. టైర్లు మాత్రం బండి బరువు వల్ల కాస్త ముందే అరుగుతాయి. ఇన్సూరెన్సు కూడా కొంచెం ఎక్కువే.

"అయితే ఇంకేం, అందరం కొనేద్దాం" అంటారా? ఆగండి. అసలు కీలకం ఇక్కడే వుంది. అదే తరహా పెట్రోలు కారు కన్నా కరెంటు కారు ధర ఎక్కువ. ఆ తేడా మూడు లక్షలనుకుందాం. మా లాగ నెలకి 1,200 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ మూడు లక్షలూ నాలుగేళ్ళలో తిరిగొస్తాయి. అప్పు చేసి కొంటే వడ్డీ కలిసి అయిదేళ్ళు. బ్యాటరీకి చాలా కంపెనీలు ఎనిమిదేళ్ళు హామీ ఇస్తున్నాయి కాబట్టి మేము ధైర్యం చేశాం.

మా ఎదురింటి వదినగారి సంగతి వేరు. అన్నయ్యగారు రిటైరయ్యారు. కారు తీసేది వారానికి రెండు మూడు సార్లు. గుడికి, బజారుకి, మహా అయితే కోరుకొండకి. నెలకి 300 కిలోమీటర్లు దాటవు. మా కారు చూసి ఆయనకి మోజు కలిగింది. మొదట కట్టాల్సిన సొమ్ము కోసం వదినగారి నాలుగు గాజులు బ్యాంకులో పెడదామన్నారు. ఆవిడ కాదనలేదు, అవుననలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "లెక్క చూడవమ్మా" అంది. ఇద్దరం కాగితం మీద వేశాం. 300 కిలోమీటర్లకి పెట్రోలు రెండు వేల చిల్లర. కరెంటయితే నాలుగు వందల పైచిలుకు. మిగిలేది నెలకి పదహారు వందల యాభై. మూడు లక్షలు తిరిగి రావాలంటే పదిహేనేళ్ళు! బ్యాటరీ హామీ ఎనిమిదేళ్ళే. వదినగారు ఆ కాగితం తీసుకెళ్ళి భోజనాల దగ్గర అన్నయ్యగారి ముందు పెట్టింది. ఆయన బడిపంతులుగా చేసినాయన, లెక్కకి ఎదురు చెప్పలేదు. పాత కారే వుంచుకున్నారు. గాజులు ఆవిడ చేతినే వున్నాయి.

చూశారా! ఈ కారు స్వభావం అటువంటిది. తిరిగినకొద్దీ లాభం, నిలబెడితే నష్టం. షెడ్డులో పెట్టుకుని మురిసిపోవడానికి కొనేది కాదు. కొనేముందు మీ ఇంటి కారు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో మీటరు చూసి మూడు నెలలపాటు రాసిపెట్టుకోండి. ఆ ఒక్క అంకె తెలిస్తే సగం తీర్పు అయిపోయినట్టే.

ఇంకొక కిటుకు కరెంటు బిల్లులో వుంది. మనకి యూనిట్లు పెరిగినకొద్దీ ధర పెరిగే శ్లాబు పద్ధతి కదా. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ తిన్న యూనిట్లు కింది శ్లాబుల్ని నింపేస్తాయి. కారు యూనిట్లు వచ్చి పై శ్లాబులో కూర్చుంటాయి. అందుకే నేను సగటు ధర వెయ్యకుండా తొమ్మిది రూపాయలు వేశాను. వాహనాల ఛార్జింగుకి విడిగా మీటరు తీసుకునే వీలు మీ వూళ్ళో ఎలా వుందో, ధర ఎంతో, కరెంటు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తెలంగాణలో 2024లో గృహజ్యోతి అని, నెలకి 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకి ఉచిత కరెంటు పథకం మొదలైంది. అటువంటి ఇంట్లో కరెంటు స్కూటరు కొన్నా సరే, నెలకి పాతిక ముప్ఫై యూనిట్లు తోడవుతాయి. మొత్తం 200 దాటకుండా ఓ కన్నేసి వుంచాలి. స్కూటరు మీద మిగిలిన డబ్బు బిల్లులో పోతే ఏం లాభం?

ఇక భద్రత మాట. ఇది లెక్క కన్నా ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో, విజయవాడలో మరొక ఇంట్లో, రాత్రిపూట ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి నిద్రలో వున్నవారి ప్రాణాలు పోయాయి. విడదీసిన బ్యాటరీని మంచం పక్కన, హాల్లో, గుమ్మానికి అడ్డంగా ఛార్జింగు పెట్టకూడదని ఆ రెండు ఇళ్ళూ మనకి నేర్పాయి. ఛార్జింగు వరండాలోనో, షెడ్డులోనో, గాలి తగిలే చోట పెట్టాలి. పారిపోయే దారికి అడ్డం వుండకూడదు. బండితో ఇచ్చిన ఛార్జరు తప్ప, చవగ్గా దొరికిందని వేరేది వాడకూడదు. ఎండలో తిరిగొచ్చిన బండిని వెంటనే ఛార్జింగు పెట్టకుండా, ఓ అరగంట చల్లారనిస్తే మంచిది.

కారుకయితే గీజరుకి పెట్టే పెద్ద పవరు ప్లగ్గు కావాలి. మా షెడ్డులో అంతకు ముందు వున్నది బల్బు కోసం వేసిన సన్నని తీగ. దాని మీదే పొడుగు తీగ లాగి పని కానిచ్చేద్దామని మా అబ్బాయి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా మందపాటి రాగి తీగ, దానికి విడిగా స్విచ్చి, మంచి ఎర్తింగు వేయించాం. ఎర్తు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి పూడుస్తారు కదా, వేసవిలో అది ఎండిపోతే పనిచెయ్యదు. అందుకని మార్చి నుంచి జూన్ దాకా మొక్కలకి పోసినట్టే దానికీ ఓ చెంబెడు నీళ్ళు పోస్తుంటాను. ఇంటికి మంజూరైన లోడు చాలకపోతే అది కూడా పెంచుకోవాలి. కారు, ఏ.సి., గీజరు ఒక్కసారే వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. మా ఇంట్లో రాత్రి పదకొండుకి ప్లగ్గు పెడితే తెల్లవారేసరికి సరిపోతుంది. రోజూ తిరిగే నలభై కిలోమీటర్లకి నిజానికి రెండు గంటలు చాలు. నూటికి నూరూ నింపాలా, ఎనభై దగ్గర ఆపాలా అన్నది బ్యాటరీ రకాన్ని బట్టి వుంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏం రాశారో అదే పాటించండి.

వానాకాలం సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో వుండిపోయాయి. ఎందరి కార్లో, ఎందరి స్కూటర్లో మునిగిపోయాయి. కరెంటు కారు బ్యాటరీ పెట్టెకి నీళ్ళు చొరకుండా కట్టుదిట్టం వుంటుంది. సాధారణంగా ఆ హామీ మీటరు లోతు నీటిలో అరగంట వరకే. రోజులకి కాదు. మునిగిన బండిని స్టార్టు చెయ్యకండి, ప్లగ్గు పెట్టకండి, తాడు కట్టి లాగించకండి. లారీ మీద ఎక్కించి సర్వీసుకి పంపండి. నీరు తీసిన కొన్ని రోజుల తర్వాత కూడా మంటలు రావచ్చు కాబట్టి దాన్ని ఇంటికి ఆనించి వుంచకూడదు.

దూరప్రయాణం గురించి అందరూ అడుగుతారు. కిందటేడు విశాఖపట్నంలో మా ఆడపడుచుగారి మనవడి అన్నప్రాశనకి వెళ్ళాం. రాజమండ్రి నుంచి 190 కిలోమీటర్ల దారి. మధ్యలో ఒకసారి ఛార్జింగు తప్పదు. జాతీయ రహదారి పక్కన ఒక చోట ఆగాం. అక్కడి యంత్రం పనిచెయ్యడం లేదు. అక్కడ కాపలా వుండే కుర్రాడు, "నిన్నట్నుంచీ ఇంతేనండీ" అన్నాడు. మా వారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. నేను ముందురోజే ఫోనులో చూసి ఇంకో రెండు చోట్లు రాసి పెట్టుకున్నాను. రెండో చోట మా ముందు ఒక బండి వుంది. దాని వంతు, మా వంతు కలిపి గంటన్నర పట్టింది. ఈలోగా పులిహోర పొట్లాలు విప్పాం, అత్తయ్యగారు మందులు వేసుకుని కాసేపు నడుం వాల్చారు. అక్కడ యూనిట్ ధర ఇంటి ధరకి రెట్టింపు కన్నా ఎక్కువ. రోజూ అలా ఛార్జి చేసుకుంటే మిగిలేది బాగా తగ్గిపోతుంది.

అంచేత ఈ కారులో ప్రయాణమంటే పాతకాలంలో రైలు ప్రయాణానికి సద్ది కట్టుకున్నట్టు ముందుచూపు వుండాలి. ఒక చోటు అనుకుంటే రెండో చోటు రాసుకోవాలి. వందకి ఇరవై పాళ్ళు మిగిలివుండగానే ఛార్జింగుకి చేరాలి. ఇవి మనకి చేతకాని పనులా? పెళ్ళివారికి వంటలు చేయించేటప్పుడు పదిమంది అదనంగా వస్తారని బియ్యం ఎక్కువ పోయించేది మనమేగా!

ఇంతవరకు చెప్పిందంతా సొంత ఇల్లు, సొంత షెడ్డు వున్నవారి కథ. అద్దె ఇళ్ళవాళ్ళకి, అపార్టుమెంట్లవాళ్ళకి ఇంత తేలిక కాదు. మా మేనకోడలు హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో వుంటుంది. కింద వాళ్ళ పార్కింగు దగ్గర ప్లగ్గు పెట్టుకుంటామంటే సంఘంవారు ఒప్పుకోలేదు. "మీకిస్తే అందరూ అడుగుతారు, ఉమ్మడి కరెంటు వాడేస్తారు, నిప్పంటుకుంటే ఎవరిది పూచీ" అన్నారు. ఆ భయాల్లో ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. అల్లుడుగారు రెండుసార్లు వెళ్ళి మాట పెంచుకుని వచ్చారు. మూడోసారి మా అమ్మాయే వెళ్ళింది. తమ ఇంటి మీటరు నుంచే తీగ లాగుతామని, దాన్ని ఇనప గొట్టంలో వేయిస్తామని, తాళం పెట్టె పెడతామని, లైసెన్సు వున్న ఎలక్ట్రీషియను చేత కాగితం ఇప్పిస్తామని, ఒక్కొక్క భయానికి ఒక్కొక్క జవాబు రాసి తీసుకెళ్ళింది. మూడు నెలలు పట్టింది గానీ ఒప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ ఇంకో ఇద్దరు అదే పద్ధతిలో పెట్టించుకున్నారు. 2019లో కేంద్ర ప్రభుత్వం నమూనా భవన నిబంధనలు సవరించి, కొత్త భవనాల పార్కింగులో అయిదో వంతుకి ఛార్జింగు వీలు వుండాలని సూచించింది. కొత్త ఫ్లాటు కొనేవారు వంటగట్టు ఎత్తు, గాలి, వెలుతురుతోపాటు ఆ సంగతి కూడా అడగండి.

మరి ఈ కారు వల్ల దేశానికి మేలేనా? నిజం నిజంగా చెప్పుకోవాలి. మన దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి డెబ్భై పాళ్ళ దాకా బొగ్గు నుంచి వచ్చేదే. మన వీధిలో తగ్గిన పొగ కొంత ఇబ్రహీంపట్నంలోనూ, రామగుండంలోనూ, పరవాడలోనూ గొట్టాల్లోంచి వస్తోంది. ఆ చుట్టుపక్కల కూడా మనలాంటి ఇల్లాళ్ళే బట్టలు ఆరేసుకుంటారు. అయినా మొత్తం మీద మేలే. ఎందుకంటే పెట్రోలు ఇంజను మన పాత కట్టెల పొయ్యిలాంటిది. కట్టెల పొయ్యిలో సగానికి పైగా మంట గిన్నె పక్కనుంచి పోయినట్టు, వంద రూపాయల పెట్రోలులో పాతిక రూపాయల బలమే చక్రాలకి అందుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. కరెంటు మోటారులో వృథా చాలా తక్కువ. పైగా మనకి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్ళకి పైగా బయటి దేశాల నుంచి కొంటున్నాం. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ కూరగాయల ధర పెరగడం మనకి అనుభవమే. కరెంటు మాత్రం మన నీటితో, మన ఎండతో, మన గాలితో కూడా తయారవుతుంది.

ఎండ అంటే గుర్తొచ్చింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుంటే 78,000 రూపాయల దాకా సబ్సిడీ పెట్టారు. అంత పలకలు రోజుకి సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. మా కారు రోజుకి తినేది ఆరు. పగలు కారు దుకాణం దగ్గర వున్నా, మనం లైనుకి పంపిన యూనిట్లు మీటరు జమ రాస్తుంది. కారు కొనే డబ్బు లేకపోయినా పలకలు పెట్టుకోవడం మంచిదే. కార్ల మీద జి.ఎస్.టి. కూడా 2019 ఆగస్టులో పన్నెండు నుంచి అయిదు శాతానికి దించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో, రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు 2026 డిసెంబరు 31 దాకా మాఫీ చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఇలాంటివి గడువు పెట్టి ఇస్తారు కాబట్టి, కొనే రోజున ఏది అమల్లో వుందో ఆఫీసులో అడిగి కొనండి. షాపువాడి మాట ఒక్కటే నమ్మకండి. పాత బ్యాటరీని కంపెనీలే వెనక్కి తీసుకుని శుద్ధి చేయించాలని 2022లో నిబంధన వచ్చింది. దాన్ని పాత ఇనప సామాన్లవాడికి అమ్మడం చాలా ప్రమాదం.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ కారుకి క్లచ్చి లేదు, గేరు మార్చే బాధ లేదు. పదో తరగతితో చదువు ఆపేసిన నేను నలభై నాలుగో ఏట దీని మీదే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. చప్పుడు లేని బండి కాబట్టి సందులో పిల్లలకీ, కోళ్ళకీ వినిపించదు, వెనక్కి తీసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అంతకు మించి కష్టమేమీ లేదు. ఆదివారాలు అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి, గోదావరి గట్టుకి నేనే తీసుకెళ్తున్నాను. ఇంకొకరి వీలు కోసం ఎదురుచూడని ఆ గంట విలువ ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు.

ఊరికే మెప్పు కోసం కారు కొనమని నేను ఎవరికీ చెప్పను. బస్సు సరిగా వున్న ఊళ్ళో బస్సుని మించిన పొదుపు లేదు. స్కూటరు చాలినవారికి స్కూటరు చాలు. కొనాలనుకున్నప్పుడు మాత్రం, నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, ప్లగ్గు ఎక్కడ పెడతాం, ఎర్తింగు ఎలా వుంది, బిల్లు ఎంత పెరుగుతుంది, తాళం చెవి ఎవరెవరి చేతికి వస్తుంది, ఈ అయిదు ప్రశ్నలూ మీ నోటుపుస్తకంలో రాసుకుని, ఇంట్లో అందరూ వున్నప్పుడు పైకి చదవండి. జవాబులు సరిపోతే కొనండి. సరిపోకపోతే నిర్మొహమాటంగా వద్దనండి. పద్దు రాసే చేతికి ఆ హక్కు వుంది.